పీక్ ఎక్కడికి పోయింది? కేపిలరీ గోడని అడగండి

మా ల్యాబ్‌లో చేసేది కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే కేపిలరీ అనే సన్నటి గొట్టంలో కరెంటుతో నడిపించి ప్రోటీన్లని విడదీయడం. విడిపోయిన ప్రోటీన్ డిటెక్టర్ ముందు నుంచి వెళ్లినప్పుడు తెర మీద గ్రాఫ్ పైకి లేస్తుంది, ఆ శిఖరమే పీక్. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారం నేనిచ్చే పని ఒకటే. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రోటీన్‌ని నీళ్లలో కలిపి, లోపల ఏ పూతా లేని మామూలు కేపిలరీలో, పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ని కదలనివ్వని ద్రావణం) పెట్టి రన్ చేసి, మంచి పీక్ ఒకటి పట్టుకురమ్మంటాను. పట్టుకురాలేరని నాకు తెలుసు. గంటన్నర తర్వాత మొహం వేలాడేసుకుని వస్తారు. "సార్, శాంపిల్ లోపలికి వెళ్లలేదనుకుంటానండి, బేస్‌లైన్ తప్ప ఏమీ లేదు." మళ్లీ చెయ్యమంటాను. మళ్లీ అదే. ఐదో రన్‌కో ఆరో రన్‌కో తెర మీద ఒక గుట్టలాంటిది లేస్తుంది, ముందువైపు నిటారుగా, వెనకవైపు సింహాచలం కొండ వాలులా జారుతూ, ఎక్కడ ఆగిందో సాఫ్ట్‌వేర్‌కి కూడా అర్థం కానంత పొడుగ్గా.

శాంపిల్ లోపలికి వెళ్లింది. బయటికి రాలేదంతే. దారిలో గోడకి అంటుకుపోయింది.

ఈ మాట చెప్తే మొదట ఎవరూ నమ్మరు, అంత ప్రోటీన్ గోడకి ఎలా అంటుకుంటుంది సార్ అంటారు. అందుకని బోర్డు మీద ఒక లెక్క వేస్తాను. మేం వాడే కేపిలరీ ఫ్యూజ్డ్ సిలికా గొట్టం, లోపలి వ్యాసం 50 మైక్రాన్లు, అంటే సన్నటి తలవెంట్రుక మందమంత రంధ్రం. అరమీటరు ముక్క తీసుకుంటే అందులో పట్టే ద్రవం ఒక్క మైక్రోలీటరు. డ్రాపర్ నుంచి పడే ఒక నీటిబొట్టుతో అలాంటివి 50 దాకా నింపొచ్చు. ఇప్పుడు ఆ గొట్టం లోపలి గోడ వైశాల్యం కట్టండి, సుమారు 0.8 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, చిటికెనవేలి గోరంత. ప్రోటీన్ గోడ మీద ఒక్క పొరగా పరుచుకుంటే చదరపు మీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు పడుతుంది. మధ్యలో రెండు అనుకుంటే ఈ గోరంత గోడకి 150 నానోగ్రాములకి పైనే. మరి మనం లోపలికి పంపేదెంత? మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ఉన్న ద్రావణం 10 నానోలీటర్లు, అంటే 10 నానోగ్రాములు. పదిహేను ఇంజెక్షన్లని గోడ ఒక్కతే త్రేన్చకుండా మింగేయగలదు!

మరి అంత సన్నది ఎందుకు, కాస్త వెడల్పాటి గొట్టం వాడొచ్చుగా అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఎలక్ట్రోఫోరెసిస్ అంటే ఛార్జ్ ఉన్న అణువుల్ని కరెంటుతో నడిపించడం. ఛార్జ్ ఎక్కువ, సైజు తక్కువ ఉన్నది ముందు పరిగెడుతుంది, మిగతావి వెనక పడతాయి, అలా విడిపోతాయి. వోల్టేజ్ పెంచితే త్వరగా, నీట్‌గా విడిపోతాయి, కానీ ద్రవం వేడెక్కుతుంది, వేడెక్కితే లోపల సుడులు తిరిగి విడిపోయినవన్నీ మళ్లీ కలిసిపోతాయి. ఈ వేడితో కుస్తీ పాతదే. స్వీడన్‌లో టిసేలియస్ 1937లో ప్రోటీన్లని యూ ఆకారపు గొట్టంలో విడదీసి చూపించాడు, 1948లో ఆయనకి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు యెర్టెన్ 1967లో 3 మిల్లీమీటర్ల గొట్టాన్ని దాని అక్షం చుట్టూ తిప్పుతూ, సుడులు పుట్టకుండా పని కానిచ్చాడు. ఆ గొట్టం లోపల ఆయన అప్పుడే మిథైల్ సెల్యులోజ్ పూత పూశాడు, అంటే గోడతో తంటా ఏంటో అప్పటికే తెలుసన్నమాట. తర్వాత 1981లో అమెరికాలో జోర్గెన్సన్, లూకాక్స్ 75 మైక్రాన్ల కేపిలరీలో 30 కిలోవోల్టులు పెట్టేశారు. అంత సన్నటి గొట్టంలో వేడి పుట్టినది పుట్టినట్టే గోడ గుండా బయటికి పోతుంది, పైగా సుడి తిరగడానికి చోటే లేదు. చిన్న అణువులతో 4 లక్షల పైచిలుకు ప్లేట్లు సాధించారు, ప్లేట్లంటే పీక్ ఎంత పదునుగా వచ్చిందో చెప్పే లెక్క, ల్యాబ్‌లలో విడదీయడానికి వాడే ఇంకో పద్ధతి హెచ్‌పీఎల్‌సీలో, మామూలు కాలమ్‌కి అది వేలల్లో ఉంటుంది.

అంటే సన్నగా ఉంటేనే పని జరుగుతుంది, సన్నగా ఉన్నందుకే గోడ దగ్గరపడుతుంది. ప్రోటీన్ ఎటు కదిలినా 25 మైక్రాన్ల లోపు గోడ తగులుతుంది.

ఇక ఆ గోడ సంగతి. గాజు మనకి నున్నగా, దేనికీ స్పందించనిదిలా కనిపిస్తుంది. నిజానికి దాని ఉపరితలం నిండా సిలనాల్ గుంపులుంటాయి, సిలికాన్‌కి తగిలించిన ఓహెచ్‌లు. పీహెచ్ 3 దాటిన దగ్గర్నుంచి ఇవి ఒక్కొక్కటీ హైడ్రోజన్ వదిలేసి నెగటివ్ అవడం మొదలెడతాయి, పీహెచ్ 9 వచ్చేసరికి దాదాపు అన్నీ అయిపోతాయి. నెగటివ్ గోడ పక్కన బఫర్‌లోని పాజిటివ్ అయాన్లు గుమిగూడతాయి, వోల్టేజ్ పెట్టగానే ఆ గుంపు నెగటివ్ ఎలక్ట్రోడ్ వైపు కదులుతూ మొత్తం ద్రవాన్ని తనతో లాక్కుపోతుంది. దీన్నే ఎలక్ట్రో ఆస్మాటిక్ ఫ్లో అంటాం, రోజువారీ మాటల్లో ఈవోఎఫ్. సెంటీమీటరుకి 500 వోల్టులుంటే పీహెచ్ 7 పైన ఇది డిటెక్టర్ దాకా ఉన్న 40 సెంటీమీటర్లని మూడు నిమిషాల్లోపే దాటించేస్తుంది. పంపు లేకుండా పంపు పని. నెగటివ్ ప్రోటీన్లు వెనక్కి ఈదుతున్నా సరే ఈ ప్రవాహం వాటిని కూడా ఈడ్చుకొచ్చి డిటెక్టర్ ముందు పడేస్తుంది.

ఇప్పుడు లైసోజైమ్ సంగతి చూడండి. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (పొట్టిగా పీఐ), అంటే నికర ఛార్జ్ సున్నా అయ్యే పీహెచ్, దాదాపు 11. కాబట్టి పీహెచ్ 7లో అది గట్టిగా పాజిటివ్. గోడ నెగటివ్. ఇంకేం కావాలి, ఇనప రజను అయస్కాంతానికి పట్టినట్టు పట్టేసుకుంటుంది. సైటోక్రోమ్ సీ, రైబోన్యూక్లియేజ్ ఏ, ఇలా క్షార గుణం ఉన్న ప్రోటీన్లన్నీ ఇదే బాపతు.

అలాగని నెగటివ్ ప్రోటీన్‌కి భయం లేదనుకోకండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సీరం ఆల్బుమిన్ పీఐ 5 లోపు, పీహెచ్ 7లో నికరంగా నెగటివ్, అయినా కొంచెం అంటుకుంటుంది. నికర ఛార్జ్ అంటే ఇంటి మొత్తం జమాఖర్చు లాంటిది, మొత్తం మీద అప్పే ఉన్నా ఒకరి జేబులో డబ్బుండొచ్చు. ప్రోటీన్ పెద్దది, ఒక పక్క పాజిటివ్ మచ్చ ఉంటే ఆ పక్క తిప్పి గోడకి ఆనుకుంటుంది. ఆనుకున్నాక హైడ్రోజన్ బంధాలు, నీళ్లంటే గిట్టని భాగాల కలయిక కూడా తోడవుతాయి. పైగా కాలం గడిచేకొద్దీ అది గోడ మీద కాస్త విచ్చుకుని మరిన్ని చోట్ల పట్టు బిగిస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోటుని ఒడ్డుకి లాగి అడుగు గీకుతుంటారు చూడండి, నిన్నమొన్న పట్టిన నాచు చేత్తో తుడిస్తే పోతుంది, నెలల నాటి గుల్లలకి మాత్రం ఉలి కావాలి. ఇదీ అంతే, నిన్న సాయంత్రం రన్ చేసి కడగకుండా వదిలేసిన కేపిలరీ ఇవాళ పొద్దున ఇంకో ప్రాణి.

పీక్ పోవడం, తోక రావడం కంటికి కనిపించే నష్టాలు. నాకు వాటికంటే ఎక్కువ చిరాకు తెప్పించేది మూడోది. ప్రోటీన్ అంటిన మేర గోడ ఛార్జ్ మారిపోతుంది, దాంతో ఈవోఎఫ్ మారిపోతుంది, దాంతో అసలు అంటుకోని వాటి టైమ్ కూడా మారిపోతుంది. పొద్దున 4 నిమిషాలకి వచ్చిన పీక్ మధ్యాహ్నం 4.6కి వస్తే అది అదేనా వేరేదా అని తల పట్టుకోవాలి. పైగా గొట్టం మొదట్లో ఎక్కువ అంటి చివర్లో తక్కువ అంటితే ఒక్కో చోట ఒక్కో వేగంతో తోసే గోడలవుతాయి, మధ్యలో ద్రవం మెలికలు తిరిగి పీక్ ఇంకా వెడల్పవుతుంది.

సరే, ఏం చెయ్యాలి? ఇంట్లో పెనం మీద అట్టు అంటుకుంటే ఏం చేస్తారో తెలుసు కదా. మంట సరిచేస్తారు, ఉల్లిపాయ సగం కోసి నూనెలో ముంచి రుద్దుతారు, విసుగొస్తే నాన్‌స్టిక్ కొనుక్కుంటారు. ఈ రంగంలో నలభై ఏళ్లుగా జరిగిందీ దాదాపు అదే, కాకపోతే ప్రతి ఉపాయం ఏదో ఒక ధర అడుగుతుంది. ఆ ధరేంటో ముందే తెలుసుకుని దిగినవాడికి టెన్షన్ తక్కువ.

అన్నిటికంటే చౌకైనది పీహెచ్ మార్చడం. బాగా కిందికి, 2.5 దగ్గరికి దించితే సిలనాల్‌లు దాదాపు అన్నీ ఛార్జ్ పోగొట్టుకుంటాయి, గోడ మెత్తబడుతుంది. ఫాస్ఫేట్ అయితే ఇంకా మంచిది, అది గోడ మీద కూడా కాస్త కూర్చుని అడ్డుపడుతుంది. కానీ అంత ఆమ్లంలో చాలా ప్రోటీన్లు విప్పుకుపోతాయి, లోపల దాచుకున్న నీళ్లంటే గిట్టని భాగాలు బయటపడి వేరే రకంగా అంటుకుంటాయి. ఇంకో సంగతి, అక్కడ ఆమ్ల గుంపులన్నీ ఛార్జ్ వదిలేస్తాయి కాబట్టి ఒక్క ఆమ్ల గుంపు తేడా ఉన్న రెండు ప్రోటీన్లు కవలల్లా కనిపిస్తాయి. విడదీద్దామని వచ్చి తేడానే చెరిపేసుకున్నట్టు.

పైకి పోవడం రెండో దారి. 1986లో లావర్, మెక్‌మానిగిల్ చూపించారు, బఫర్ పీహెచ్‌ని ప్రోటీన్ పీఐ కంటే పైన పెడితే ప్రోటీనూ నెగటివ్, గోడా నెగటివ్, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మయోగ్లోబిన్ లాంటి వాటికి అద్భుతంగా పనిచేసింది. లైసోజైమ్‌కి మాత్రం 11 దాటాలి, ఆ క్షారంలో సిలికానే మెల్లగా కరగడం మొదలెడుతుంది, ప్రోటీన్‌లోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు పాడవుతాయి. రోగం కంటే మందు ముదురు.

ఈ రెండో దారి ఎంత బాగా పనిచేయగలదో చూడాలంటే రీసెర్చ్ ల్యాబ్‌లకి కాదు, రక్తపరీక్షల వైపు వెళ్లాలి. మన పాడేరు, అరకు వైపు గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఎంత బాధ పెడుతోందో విశాఖలో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా తెలుస్తుంది. 2047 నాటికి దీన్ని లేకుండా చెయ్యాలని కేంద్రం 2023 జులై 1న ఒక మిషన్ మొదలుపెట్టింది. ఆ నిర్ధారణ పరీక్షల్లో హిమోగ్లోబిన్ కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ కూడా ఒకటి. మామూలు హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది, సికిల్ హిమోగ్లోబిన్‌లో అక్కడ వాలీన్ ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లానికి నెగటివ్ ఛార్జ్ ఉంది, వాలీన్‌కి లేదు. ఒక హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసులు రెండు కాబట్టి మొత్తం అణువులో రెండు ఛార్జ్‌ల తేడా, అంతే. 1949లో పాలింగ్ బృందం ఈ తేడాని పట్టుకున్నది ఎలక్ట్రోఫోరెసిస్‌తోనే, టిసేలియస్ కనిపెట్టిన పరికరంలోనే. ఇప్పటి యంత్రాల్లో బఫర్ పీహెచ్ 9.4 పెడతారు. హిమోగ్లోబిన్ పీఐ 7 దగ్గర్లో ఉంటుంది కాబట్టి 9.4లో అది నెగటివ్, గోడా నెగటివ్, ఏ పూతా అక్కర్లేదు. ఈవోఎఫ్ అన్నిటినీ డిటెక్టర్ వైపు లాగుతుంటే ఎక్కువ నెగటివ్ ఉన్నవి ఎక్కువ వెనక్కి గుంజుకుంటాయి, అందుకే నెగటివ్ తక్కువున్న సికిల్ హిమోగ్లోబిన్ ముందొస్తుంది, మామూలు హిమోగ్లోబిన్ తర్వాత వస్తుంది. హిమోగ్లోబిన్ ఎర్రగా ఉండటమూ కలిసొచ్చింది, 415 నానోమీటర్ల దగ్గర చూస్తే రక్తంలోని రంగులేని ప్రోటీన్లు అడ్డురావు. పీఐ ఇంత సౌకర్యంగా ఉన్న ప్రోటీన్ దొరకడం అదృష్టం. అందరికీ దొరకదు.

పీహెచ్ కదలనివ్వకపోతే ఉప్పు. గోడ ఛార్జ్ ప్రభావం ద్రవంలోకి ఎంత దూరం పాకుతుందనేది ఉప్పు మీద ఆధారపడుతుంది. 10 మిల్లీమోలార్ మామూలు ఉప్పుకి సుమారు 3 నానోమీటర్లు, 100కి పెంచితే ఒక నానోమీటరు. ఉప్పు దండిగా ఉంటే గోడా ప్రోటీనూ ఒకదాన్నొకటి చూసుకోలేవు, పైగా పొటాషియం లాంటి అయాన్లు గోడ మీది సీట్లు ముందే ఆక్రమిస్తాయి. 1989లో గ్రీన్, జోర్గెన్సన్ ఈ దారే పట్టారు. ధర ఏంటో మీరే చెప్పగలరు, వేడి. 25 కిలోవోల్టుల దగ్గర కరెంటు 100 మైక్రోఆంపియర్లకి ఎక్కితే ఒక్క మైక్రోలీటరు నీటిలో 2.5 వాట్లు పుడుతుంది. వోల్టేజ్ తగ్గించుకోవాలి, రన్ పొడుగవుతుంది.

ఇక ఉల్లిపాయ రుద్దడం, మా భాషలో డైనమిక్ కోటింగ్. రన్‌కి ముందు ఒక పాలిమర్‌ని కేపిలరీ గుండా పంపితే అది గోడకి అంటుకుని కూర్చుంటుంది, అంటే ప్రోటీన్ అంటుకునే చోట మనకి నచ్చినదాన్ని ముందే అంటించేస్తున్నాం. పాలీబ్రీన్ ఇందులో పేరున్నది. అది పాజిటివ్ పాలిమర్, నెగటివ్ గోడని కప్పేసి గోడనే పాజిటివ్ చేసేస్తుంది, లైసోజైమ్‌ని గోడ ఇప్పుడు దూరంగా తోస్తుంది. అయితే ఈవోఎఫ్ కూడా ఎదురు దిక్కుకి తిరుగుతుంది కాబట్టి ఎలక్ట్రోడ్ల పోలారిటీ తిప్పాలి, ఇది గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది. ఇంకో చిక్కు, పాజిటివ్ గోడ మీద ఇప్పుడు ఆల్బుమిన్ లాంటి నెగటివ్ ప్రోటీన్లు పోయి పడతాయి. అత్తకి నచ్చింది కోడలికి నచ్చదు. రుద్దింది అరిగిపోవడం కూడా ఉంటుంది, అందుకే కొందరు పాలీబ్రీన్ మీద నెగటివ్ డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, దాని మీద మళ్లీ పాలీబ్రీన్, ఇలా మూడు పొరలు వేస్తారు, పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఎక్కువ రన్‌లు నిలబడతాయి. సబ్బులాంటి అణువుల్లో కూడా ఇదే తేడా ఉంది. ఒక్క తోక ఉన్న సీటాబ్ బఫర్‌లో ఎప్పుడూ ఉంటేనే పని చేస్తుంది. రెండు తోకలున్న డీడాబ్ గోడ మీద జంట పొరగా సర్దుకుని, బఫర్ నుంచి తీసేసినా చాలాసేపు ఉంటుంది. 2000 సంవత్సరంలో కెనడాలో లూసీ బృందం దీన్ని ప్రోటీన్లకి వాడి చూపించింది. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్‌కి (అణువుల బరువు తూచే యంత్రానికి) పంపాలనుకునేవాళ్లకి ఇది ముఖ్యం, ఎందుకంటే బఫర్‌లో సబ్బుంటే అక్కడ సిగ్నల్ చచ్చిపోతుంది.

ఛార్జ్ అన్నదే లేని పూత కావాలంటే సెల్యులోజ్ రకాలు, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ఉన్నాయి. పీవీఏని లోపల పూసి వేడి చేస్తే గట్టిపడి నీళ్లకి కరగకుండా కూర్చుంటుంది. ఈవోఎఫ్ దాదాపు సున్నాకి పడిపోతుంది. అప్పుడు పాజిటివ్, నెగటివ్ రెండిటినీ ఒకే రన్‌లో చూడలేరు, ఎవరి దారి వారిదే.

నాన్‌స్టిక్ పెనం సంగతికొస్తే, 1985లో యెర్టెన్ గోడకి ఒక సైలేన్‌ని (సిలికాన్ ఉన్న చిన్న అణువుని) రసాయన బంధంతో తగిలించి, దాని మీద పాలీఅక్రిలమైడ్ గొలుసులు పెంచాడు. నీళ్లని ఇష్టపడే, ఛార్జ్ లేని, మెత్తటి పరుపులాంటి పొర. ప్రోటీన్‌కి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇప్పటికీ చాలామందికి ఇదే కొలబద్ద, నాకూ ఇదే ఇష్టం. దీని బలహీనత గోడకీ పూతకీ మధ్య ఉన్న సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ లంకె, క్షారం తగిలితే అది తెగుతుంది. 1990లో నొవోత్నీ బృందం సిలికాన్-కార్బన్ బంధంతో తగిలించి దాన్ని గట్టిపరిచింది, అయినా కొనుక్కొచ్చే కోటెడ్ కేపిలరీ డబ్బా మీద పీహెచ్ హద్దులు రాసి ఉంటే అవి సరదాకి రాసినవి కాదు.

ఇది ఎలా తెలిసిందంటే, నా పాత ల్యాబ్‌లో నా చేతులతోనే పాడుచేశాను. మామూలు కేపిలరీకి పొద్దున్నే సోడియం హైడ్రాక్సైడ్ కొట్టడం అలవాటు, గోడని కొత్తగా చేస్తుంది కాబట్టి పళ్లు తోముకున్నంత నిష్ఠగా చేస్తాం. ఆ రోజు యంత్రంలో ఉన్నది పాలీఅక్రిలమైడ్ కోటింగ్ ఉన్నదని మర్చిపోయి పాత మెథడ్ ఫైల్ నొక్కేశాను. ఒక మోలార్ సోడా, పది నిమిషాలు. నాన్‌స్టిక్‌ని ఇనప పీచుతో తోమినట్టే. ఆ రోజు రన్‌లు పర్వాలేదు, రెండో రోజుకి తోకలు మొదలయ్యాయి, నాలుగో రోజుకి లైసోజైమ్ అంతర్ధానం. ఇంకోటి, కేపిలరీ బయట గోధుమ రంగు పాలీఇమైడ్ తొడుగుంటుంది, డిటెక్టర్ వెలుతురు పోవడానికి ఒక చోట దాన్ని తీసేయాలి. అందరూ లైటర్ మంట చూపించి కాలుస్తారు, నల్లబడిన మసిని మిథనాల్ దూదితో తుడిస్తే మూడు మిల్లీమీటర్ల కిటికీ మెరుస్తూ బయటపడుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. కోటెడ్ కేపిలరీకి ఆ పని చేశారంటే లోపలి పూత కూడా అక్కడే కాలిపోతుంది. ప్రోటీన్ 40 సెంటీమీటర్లు బుద్ధిగా వచ్చి సరిగ్గా డిటెక్టర్ ముందు బోసి గోడకి అతుక్కుంటుంది. ఇంతకంటే దరిద్రం ఉంటుందా?

పరవాడ, అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసే మిత్రులు ఇది చదువుతూ, మాకివేవీ అక్కర్లేదు, మేం సీఈ-ఎస్‌డీఎస్ (ఎస్‌డీఎస్ కలిపి చేసే కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్) చేస్తాం అనుకుంటూ ఉంటారు. నిజమే, యాంటీబాడీ మందులకి అది రాచబాట. ఎస్‌డీఎస్ అనే సబ్బు గ్రాము ప్రోటీన్‌కి దాదాపు 1.4 గ్రాములు పట్టుకుని దాన్ని పూర్తిగా నెగటివ్ చేసేస్తుంది, దాంతో నెగటివ్ గోడతో పేచీ తీరిపోతుంది. పాలిమర్ జల్లెడలో సైజు ప్రకారం విడిపోతాయి, బంధాలు తెంపితే 25 కిలోడాల్టన్ల తేలిక గొలుసు, 50 కిలోడాల్టన్ల బరువు గొలుసు విడివిడిగా కనిపిస్తాయి. ఇక్కడ చెల్లించే ధర ప్రోటీన్ సొంత ఛార్జ్. యాంటీబాడీ బరువు గొలుసు చివర ఒక లైసీన్ ఉందా ఊడిందా, ఒక ఆస్పరజిన్ పాడైందా అన్నవి ఛార్జ్‌లోనే తెలిసే తేడాలు, సబ్బు వాటన్నిటి మీదా దుప్పటి కప్పేస్తుంది. అవి కావాలంటే ప్రోటీన్లని పీఐ ప్రకారం విడదీసే ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్‌కి పోవాలి, అక్కడ మళ్లీ పూత ఉన్న కేపిలరీయే కావాలి. గోడ దగ్గరికి రాక తప్పదు.

ఒక జాగ్రత్త. తోక కనబడగానే గోడ మీద నింద వేసేయకండి, నేనలా వేసి రెండు వారాలు పోగొట్టుకున్నాను. బఫర్ అయాన్ల వేగం, శాంపిల్ వేగం బాగా తేడాగా ఉండి, శాంపిల్ చిక్కగా ఉంటే పీక్ లంబకోణ త్రిభుజంలా వస్తుంది, దానికీ గోడకీ సంబంధం లేదు. తేల్చుకోవడం తేలిక. శాంపిల్‌ని పది రెట్లు పలచన చేసి చూడండి. త్రిభుజం సర్దుకుని మామూలు పీక్ అయితే అది చిక్కదనం సమస్య. పలచన చేసేకొద్దీ పీక్ ఇంకా అన్యాయమైపోతుంటే, అదిగో గోడ. ఒకే శాంపిల్ వరసగా ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి వైశాల్యం మెల్లగా పెరుగుతోందేమో చూడటం ఇంకో పద్ధతి, మొదటి అట్టు పెనానికి, తర్వాతవి మనకి. ప్రోటీన్‌కి ముందూ వెనకా డీఎంఎస్‌ఓ లాంటి ఛార్జ్ లేని మార్కర్‌తో ఈవోఎఫ్ కొలిస్తే ఇంకా మంచిది, తేడా ఉంటే గోడ మారినట్టే. ఇక చేతికి చిక్కిన దొంగని చూడాలనుంటే, రన్‌లన్నీ అయ్యాక ఎస్‌డీఎస్ ద్రావణాన్ని పంపుతూ డిటెక్టర్ ఆన్‌లో ఉంచండి. అంటుకున్న ప్రోటీన్ ఊడి, సబ్బు అలతో పాటు ఒక పెద్ద పీక్‌గా వచ్చి పడుతుంది. పొద్దున్నించి వెతుకుతున్నదంతా అక్కడే.

మన ఊరికి ప్రత్యేకమైన మరో అనుమానితుడు ఉన్నాడు, తేమ. ఆగస్టులో ఏసీ ఆపి గంటయితే చాలు, విశాఖ గాలిలో 30 కిలోవోల్టులు ఎలక్ట్రోడ్ దగ్గర చిటపటమంటూ పక్కదారి పడతాయి. కరెంటు గ్రాఫ్ రంపంపళ్లలా వచ్చి టైమ్‌లు అటూ ఇటూ అయితే గోడని కడిగే ముందు ఆ గ్రాఫ్ చూడండి, ఎలక్ట్రోడ్లు, కాట్రిడ్జ్ పొడిగా తుడవండి.

రెండో వారం అదే కుర్రవాళ్లకి అదే లైసోజైమ్, అదే పీహెచ్ 7 బఫర్ ఇచ్చి, ఈసారి పాలీబ్రీన్ సీసా చేతిలో పెడతాను. మొన్న చేరిన అమ్మాయి రాత్రి చదువుకుని వచ్చినట్టుంది, పాలిమర్ పంపింది, బఫర్‌తో కడిగింది, అంతా పద్ధతిగా చేసింది. అరగంటకి వచ్చి, "సార్, ఈసారి కూడా గోడ తినేసిందండి" అంది. వెళ్లి చూస్తే పోలారిటీ తిప్పలేదు. గోడ ఏమీ తినలేదు. ప్రవాహం ఎదురు తిరిగి ఉంది కదా, లైసోజైమ్ ఇంజెక్ట్ చేసిన చివర నుంచే బయటికి వచ్చేసి, నిక్షేపంగా ఇన్‌లెట్ వయల్‌లో కూర్చుంది. పోలారిటీ తిప్పి మళ్లీ నొక్కింది. ఆరో నిమిషం దాటాక పీక్ వచ్చింది, నిటారుగా, తోక లేకుండా.